రెండో సీటు

విజయనగరం గంటస్తంభం దగ్గర నూనె కొట్టు నారాయణమూర్తి ఆ మాట నవ్వుతూనే అన్నాడు. పదిమంది వింటుండగా అన్నాడు.

"మీ బావమరిది కారు కొన్నాడటగా గోవిందరావూ! అదీ రేసు కారంట. మరింకేటి, నీ రోజులొచ్చీసినట్టే!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. గోవిందరావు కూడా నవ్వాడు. నవ్వకపోతే ఆ మాట ఇంకా పెద్దదవుతుంది. నవ్వి, బేరానికని చేతిలో పట్టుకున్న గోగునార కట్టని అక్కడే పడేసి ఇంటిదారి పట్టాడు. దారి పొడుగునా వీపు మీద ఎవరిదో చెయ్యి ఉన్నట్టే ఉంది.

ఆ మాటలో ముల్లు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. గోవిందరావు ఇల్లరికపు అల్లుడు. లక్ష్మీనరసమ్మకి ఒక్కతే కూతురు, కన్యాకుమారి. మగపిల్లలు లేరు, ఇక కలగరు అనుకున్నాక, కళింగపట్నంలో ఉప్పు కొట్టు పెట్టుకుని బతికే ఇంటి నుంచి గోవిందరావుని బడి మాన్పించి తీసుకొచ్చి పిల్లనిచ్చారు. నార వ్యాపారం, దుకాణం, మేడ, అన్నీ నీవే నాయనా అన్నారు మామగారు. పెళ్లిపందిరి విప్పిన మరుసటేడే లక్ష్మీనరసమ్మ నీళ్లోసుకుంది. పుట్టినవాడు నగరేశ్వరరావు. అంతే, అన్నీ వాడివైపోయాయి. గోవిందరావుకి మిగిలింది దుకాణంలో పీట, ఇంట్లో కంచం.

అది సరే, రాత అనుకోవచ్చు. కానీ ఆ పిల్లాడికి తుమ్మొస్తే గోవిందరావుకి చెమట పట్టేది. వాడికేమన్నా అయితే లాభం ఎవరికి? ఆ లెక్క వేయడానికి చదువు అక్కర్లేదు. ఊళ్లో ప్రతివాడూ వేసి పెట్టుకున్నాడు. పిల్లాడికి జ్వరమొస్తే గోవిందరావు తెచ్చిన మందుసీసాని లక్ష్మీనరసమ్మ ముందు తాను వాసన చూసేది. ఒకసారి వాడు నూతిగట్టు ఎక్కి ఆడుతుంటే గోవిందరావు పరిగెత్తి పట్టుకుని దించాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు పెరట్లోకి వచ్చింది. దించుతున్నాడా, తోస్తున్నాడా అని ఆమె చూసిన చూపు ఈనాటికీ గోవిందరావు కళ్లలోనే ఉంది. ఆవేళ ఆమె ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

మామగారు పోయారు. పిల్లాడు పెద్దవాడై కాలేజీ మానేశాడు. మద్రాసులో కార్ల పందేలు చూసొచ్చిన దగ్గర్నుంచి వాడికి అదే ధ్యాస. జూట్ మిల్లులో పనిచేసిన దొర ఒకాయన దేశం వదిలిపోతూ తన కారు అమ్మితే కొన్నాడు. ఆకుపచ్చ రంగు, పైన కప్పు లేదు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు. అందులో కూర్చుంటే రోడ్డు మీద చతికిలబడి ఈడ్చుకుపోతున్నట్టు ఉంటుంది.

దాన్ని నేరుగా పోతురాజు షెడ్డుకి తీసుకెళ్లాడు, పక్కన గోవిందరావుని ఎక్కించుకుని. పోతురాజు లారీలు బాగుచేసే మనిషి. ఆ కారుని చూసిన క్షణం నుంచి లారీలు అతని కంటికి ఆనలేదు. చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, పంచెకి తుడుచుకుని, అప్పుడు బానెట్ ఎత్తాడు. పెళ్లికూతురు ముసుగు తీసినట్టు ఎత్తాడు.

"దీనికి మొదలు ఏటి సెయ్యాలో సెప్పు పోతురాజూ," అన్నాడు నగరేశ్వరరావు. "వచ్చే యేడు మద్రాసు పందేలకి ఎల్లాల."

"మొదలు దీని ఊపిరి సూడాల బాబూ. ఒక్క కార్బొరేటరుతోటి ఇది ముక్కు మూసుకోని పరిగెడతన్నాది. కలకత్తా నుంచి జంట కార్బొరేటర్లు తెప్పించండి. పెట్రోలూ గాలీ రెండు నోళ్లతోటి తాగుతాది. తరవాత ఇంజను తలకాయ దింపి కాస్త అరగదీయించి బిగిస్తాను. ఆ తరవాత పొగగొట్టం. అప్పుడు సూడండి దీని జోరు!"

"మరి బ్రేకులు?" అన్నాడు గోవిందరావు.

ఇద్దరూ అతని వైపు తిరిగి చూశారు.

"ఉన్నాయి కదా బావా."

"ఉన్నాయి. ఇందాక గుమ్మం ముందు ఆపుతానన్నావు. షెడ్డు లోపలికొచ్చి ఆగింది."

"లోపలికే కదా సావుకారూ రావాలి!" అని పోతురాజు పకపకా నవ్వాడు.

గోవిందరావు నవ్వలేదు. "ఒరే నగరేసూ, నా మాటిను. ముందు బ్రేకు లైనింగులు మార్పించు. ఆ టైర్లు సూడు, గుండు గీసినట్టున్నాయి, అవి మార్పించు. ఇంజను ఎక్కడికీ పారిపోదు. తరవాత సూసుకోవచ్చు."

"బ్రేకులు కొత్తవి ఏయిస్తే ఎవులికి కనిపిస్తాది బావా? ఎవులికి ఇనిపిస్తాది? జంట కార్బొరేటర్లు పెడితే గంటస్తంభం దగ్గర స్టార్టు సేస్తే కోట దాకా ఇనిపిస్తాది."

"ఇనిపించడానికా కారు?"

"ఆగడానికి మాత్రం కాదు," అన్నాడు వాడు. పోతురాజు మళ్లీ నవ్వాడు.

కారు గురించి గోవిందరావుకి ఏమీ తెలియదు. ఏ మర ఏ పని చేస్తుందో తెలియదు. అతనికి తెలిసింది ఊరు. ఆ కారు ఏ చెట్టుకో గుద్దుకుంటే, బ్రేకులు వద్దన్నది ఎవరని ఒక్కడూ అడగడు. బావ ఎక్కడున్నాడప్పుడు అని అడుగుతారు.

ఆ సాయంత్రం లక్ష్మీనరసమ్మ మండువాలో కూర్చుని ఇద్దరినీ పిలిచింది. కొడుకుని తిట్టింది, బతిమాలింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొడుకు గోళ్లు చూసుకుంటూ నిలబడి, అయిపోయిందనిపించాక వెళ్లిపోయాడు. అప్పుడు ఆమె ఏడుపు ఆపి అల్లుడి వైపు తిరిగింది.

"ఎన్ని సీట్లు దానికి?"

"రెండే అత్తా."

"ఒకటి వాడిది. రెండోది నీది. వాడు ఎక్కడికి తోలితే అక్కడికి నువ్వూ ఎల్లాల."

"నాకెందుకత్తా... నాకు భయం."

"భయమున్నోడే కూకోవాల." ఆమె నడుముకున్న తాళాల గుత్తి సర్దుకుంది. "ఎల్తే ఇద్దరూ ఎల్లండి. వస్తే ఇద్దరూ రండి. ఒక్కడివే ఈ గుమ్మం తొక్కకు. అర్థమయిందా?"

అర్థమయింది. ఆమె అతన్ని కాపలా పెట్టలేదు, కుదువ పెట్టింది. కొడుకు ప్రాణానికి అల్లుడి ప్రాణం జామీను. ఇరవయ్యేళ్లుగా అన్నం పెట్టిన మనిషి, ఇరవయ్యేళ్లుగా నమ్మని మనిషి, ఒకే మాటతో రెండూ తేల్చేసింది.

కార్బొరేటర్లు కలకత్తా మెయిల్లో చెక్కపెట్టెలో వచ్చాయి. వెండి చెంబుల్లా మెరుస్తున్నాయి. రెండింటినీ కలుపుతూ ఒక సన్నటి ఊచ, దానికి ఒక చిన్న మీట. కాలితో తొక్కితే ఊచ తిరుగుతుంది, రెండింటి గొంతులూ ఒక్కసారే తెరుచుకుంటాయి. పోతురాజు వాటిని బిగించి, ఇంజను స్టార్టు చేయించి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస మొదటిదాని నోటి దగ్గర పెట్టాడు. తర్వాత రెండోదాని నోటి దగ్గర. రెండు బుసలూ ఒక్క తీరున వినిపించేదాకా మరలు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకున్నాడు.

"రండి సావుకారూ, మీరూ ఇనండి."

గోవిందరావు గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. పుట్టలో చెవి పెట్టినట్టుంది. లోపల ఏదో ఆగకుండా పీల్చుకుంటోంది. గొట్టం వదిలేసి వెనక్కి తగ్గాడు.

"పోతురాజూ, ఒకేళ ఇది ఆగకపోతే?"

"ఎందుకాగదు?"

"ఆగలేదనుకో. అప్పుడేటి సెయ్యాల?"

పోతురాజు నగరేశ్వరరావుకి కన్నుగీటి, కారు ముందుపలక మధ్యలో ఉన్న తాళంచెవి చూపించాడు. "ఇదిగో, దీన్ని ఇలా ఎనక్కి తిప్పెయ్యండి. పీక నొక్కినట్టు సచ్చిపోతాది. మీ సేతికి అందుతాది కదా? సాలు."

గోవిందరావు సీట్లో కూర్చుని ఆ తాళంచెవిని తిప్పి చూసుకున్నాడు. ఇంజను ఆగింది. మళ్లీ స్టార్టు చేయించి మళ్లీ తిప్పాడు. "ఓరి బావా, బ్యాటరీ అయిపోతాదిరా నాయనా!" అని బావమరిది చెయ్యి తోసేదాకా తిప్పుతూనే ఉన్నాడు. ఆ కారులో అతనికి నచ్చిన వస్తువు అదొక్కటే.

కార్తీకమాసంలో ఒక మంచిరోజు చూసి పైడితల్లి గుడి ముందు కారుకి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ దండ కట్టారు. వీధి మలుపు తిరగ్గానే నగరేశ్వరరావు దిగి ఆ దండ పీకి కాలవలో పారేశాడు. గాలికి కొట్టుకుంటుందట, స్పీడు తగ్గిస్తుందట. గోవిందరావు సీట్లోంచి అది చూశాడు. ఇంటికొచ్చి పెళ్లాం కన్యాకుమారికి చెప్పాడు.

ఆమెకి ఒకవైపు తమ్ముడు, ఒకవైపు మొగుడు. ఒకే బండిలో ఇద్దరూ. మర్నాడు తలంటుకుని అమ్మవారి గుడికి వెళ్లి, పసుపుదారానికి కట్టిన పసుపుకొమ్ము ఒకటి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చింది. ఆడవాళ్లు తాళిబొట్టు లేని వేళ మెడలో కట్టుకునే పసుపుకొమ్ములాంటిదే, వేలంత లావు.

"ఇది కారుకి కట్టండి," అంది గుసగుసగా. "బైటికి కనిపించేలా కట్టకండి, వాడు పీకేస్తాడు. లోపల కట్టండి. ఎవులికీ సెప్పకండి. నా పసుపుకుంకాలు దానికి కట్టేనని మొక్కుకున్నాను."

గోవిందరావు మర్నాడు తెల్లవారాక షెడ్డుకి వెళ్లాడు. ఆవేళే కారుని మొదటిసారి పూర్తి స్పీడుతో తోలి చూడాలన్నారు. పోతురాజు టీ తాగడానికి పోయాడు. నగరేశ్వరరావు ఇంకా రాలేదు. గోవిందరావు బానెట్ ఎత్తి చూశాడు. ఎక్కడ కట్టాలి? అన్నీ నల్లటి గొట్టాలు, తీగలు. ఏది తిరుగుతుందో ఏది తిరగదో తెలియదు. అందులో తనని బెదరగొట్టిన వస్తువు ఒక్కటే కనిపించింది, ఆ వెండి చెంబుల జంట. బుస కొట్టేది అవే కాబట్టి, నోరు కట్టాల్సిందీ వాటికే. రెంటి మధ్యా ఉన్న సన్నటి ఊచకి దారం మూడు ముళ్లు వేసి గట్టిగా కట్టాడు. కొమ్ము కిందికి వేలాడింది. కళ్లకద్దుకుని, బానెట్ మూసేశాడు. చాలా రోజుల తర్వాత గుండె కాస్త కుదుటపడ్డట్టనిపించింది.

ఎండెక్కకముందే బయల్దేరారు, శృంగవరపుకోట రోడ్డు మీద. ఊరు దాటేదాకా నగరేశ్వరరావు నెమ్మదిగానే తోలాడు. గోవిందరావు తలకి తువ్వాలు చుట్టుకుని, ఒక చేత్తో తలుపంచు, ఒక చేత్తో సీటు పట్టుకుని కూర్చున్నాడు. గోగు కోతలైపోయిన రోజులు. రోడ్డు పక్క గుంటల్లో గోగు నానబెట్టారు, ఆ కుళ్లు వాసన ముక్కు పగలగొడుతోంది. కల్వర్టు గోడల మీద కడిగిన నార ఆరేసుంది. మామూలప్పుడైతే ఆ నార రంగు చూసి ఏ రకమో చెప్పేవాడు. ఇప్పుడు అది తెల్లగా మెరిసి వెనక్కి పోతోంది, అంతే.

"బావా, కళ్లు తెరువ్!"

"తెరిసే ఉన్నాయిరా."

"మరి నిలువునా వణుకుతన్నావేటి?"

"కారు వణుకుతున్నాదిరా, నేను కాదు."

వాడు నవ్వాడు. ఎదురుగా రోడ్డు తాడిచెట్ల మధ్య తిన్నగా, ఖాళీగా ఉంది. "ఇదిగో, ఇప్పుడు సూడు," అని కాలు అడుక్కంటా తొక్కాడు.

కారు ఒక్కసారి గర్జించి ముందుకి దూకింది. గోవిందరావు తల వెనక్కి కొట్టుకుంది. తలనున్న తువ్వాలు ఎగిరిపోయింది. తాడిచెట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు దగ్గరకొచ్చేశాయి. నగరేశ్వరరావు కేక పెట్టాడు, సంతోషంతో. ఆ కేక ఇంకా గాలిలో ఉండగానే దూరాన నార కట్టలు వేసుకున్న ఎడ్లబండి ఒకటి పక్కదారిలోంచి రోడ్డెక్కింది.

"ఆపరా!"

"ఆపుతన్నాను!"

వాడు కాలు తీశాడు. తియ్యడం గోవిందరావు కళ్లారా చూశాడు. కాలు గాలిలో ఉంది. ఇంజను మాత్రం తగ్గలేదు. అదే గర్జన. వాడు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. కింద నుంచి కమురు వాసన వచ్చింది, కారు కాస్త జంకింది, అంతే, మళ్లీ లాక్కుపోయింది. వాడు మళ్లీ పెట్రోలు పెడలు తొక్కాడు, వదిలాడు, తొక్కాడు, వదిలాడు. ఎంతకీ పైకి రాలేదు.

"బావా, పట్టీసింది! పట్టీసిందిరా! తగ్గట్లేదు!"

అప్పుడు వాడి మొహం చూశాడు గోవిందరావు. నూతిగట్టు మీద పట్టుకున్నప్పటి మొహం. మీసాలొచ్చిన మొహం మీద ఆ అయిదేళ్ల మొహం. వాడి చేతులు స్టీరింగు చక్రానికి అంటుకుపోయాయి. బండివాడు లేచి నిలబడి ఏదో అరుస్తున్నాడు. ఎద్దుల కళ్లు కనిపిస్తున్నాయి. లక్ష్మీనరసమ్మ గుమ్మం కనిపించింది, నారాయణమూర్తి నవ్వు కనిపించింది. ఒక్కడివే ఈ గుమ్మం తొక్కకు. తానొక్కడే బతికితే ఎలా అన్నది అతని భయం. చావడం కాదు.

చెయ్యి దానంతటదే తాళంచెవి మీదికి పోయింది. షెడ్డులో తిప్పి తిప్పి అలవాటైన చెయ్యి. వెనక్కి తిప్పాడు.

గర్జన తెగిపోయింది. దాని స్థానంలో గాలి హోరు ఒక్కటే మిగిలింది. కారు ఇంకా పోతూనే ఉంది, కానీ ఇప్పుడు ఉత్త బరువు మాత్రమే. "తిప్పరా, ఎడమకి తిప్పు!" అని గోవిందరావు అరిచి, తనే చక్రం పట్టుకుని లాగాడు. కారు బండి పక్క నుంచి రోడ్డు దిగి, గోగుకట్టెల కుప్పని చీల్చుకుని, మెత్తటి బురదలో ముక్కు దించి, గోగు నానబెట్టిన గుంట ఒడ్డున ఆగిపోయింది.

గుంటలో మొలలోతు నీళ్లలో నిలబడి నార కడుగుతున్నవాళ్లు పని ఆపి కారు వైపు తిరిగారు. ఆ తర్వాత వాళ్లలో ఒక ముసలివాడు అన్నాడు:

"ఏటి బాబూ, గోగు నానబెట్టిన గుంటలోనే కారు కూడా నానబెడతారేటి?"

అందరూ నవ్వారు. నగరేశ్వరరావు కూడా నవ్వబోయి, పక్కకి వంగి కక్కుకున్నాడు. రక్తం లేదు. ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గోవిందరావు వాడి తల నుంచి కాళ్ల దాకా తడిమి చూశాడు, అత్తగారు తడిమినట్టు.

"ఏటయింది బావా దానికి? తొక్కింది తొక్కినట్టే ఉండిపోయింది. లోపలేదో అడ్డుపడింది. ఉండు, బానెట్ ఎత్తి సూద్దాం."

లోపలేదో అడ్డుపడింది.

అంతసేపూ భయమనుకున్నది అసలు భయమే కాదనిపించింది గోవిందరావుకి. కళ్ల ముందు ఆ ఊచ కనిపించింది. ఊచ తిరిగినప్పుడు దానితోపాటు ఎగిరే పసుపుకొమ్ము కనిపించింది. ఎవరు కట్టారు? బావ. ఎప్పుడు? ఎవరూ లేనప్పుడు. ఎవరికీ చెప్పకుండా. ఎక్కడ? సరిగ్గా ప్రాణం తీసే చోట. ఊరు ఇరవయ్యేళ్లుగా వేసుకున్న లెక్కకి జవాబు ఆ బానెట్ కింద వేలాడుతోంది. అత్తగారేం ఖర్మ, కన్న తల్లి కూడా నమ్మదు.

"నువ్వు కూకో! కాళ్లు వణుకుతున్నాయి నీకు. నేను సూస్తాను," అన్నాడు.

పరిగెత్తినట్టు ముందుకెళ్లి బానెట్ ఎత్తాడు. కొమ్ము అక్కడే ఉంది. మీటకీ దాని పక్క గొట్టానికీ మధ్య మేకులా దిగబడింది. ఇంకేమీ చూడకుండా చెయ్యి పెట్టాడు. కింద పొగగొట్టం నిప్పులా కాలుతోంది. చర్మం అంటుకుని చుర్రుమంది. పళ్లు బిగబట్టి లాగాడు. దారం తెగింది, కొమ్ము చేతికొచ్చింది. మీట టక్కుమని వెనక్కి పోయింది. కొమ్ముని పంచె మడతలో దోపుకున్నాడు. తిరిగి చూసేసరికి నగరేశ్వరరావు వెనకాలే ఉన్నాడు.

"ఏటుంది?"

"ఏటీ లేదు. కట్టెపుల్ల అనుకుంటాను. పడిపోయింది."

వాడు బావ మొహం చూశాడు. తర్వాత బావ చెయ్యి చూశాడు. వేళ్ల మీద ఎర్రగా కాలిన చోట పక్కన పచ్చగా అంటుకుని ఉంది. ఏమీ అనలేదు. నూతిగట్టు దగ్గర వాళ్లమ్మ కూడా ఏమీ అనలేదు.

కారుని ఎడ్లబండికి కట్టి ఊళ్లోకి లాక్కొచ్చారు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. లక్ష్మీనరసమ్మ గుమ్మంలోనే కొడుకుని ఆపి, వీపు తడిమి, మొహం తడిమి, దిష్టి తీసింది. అల్లుడి వైపు చూసి, "ఇద్దరూ వచ్చేరు," అంది. అంతే అంది.

కబురందుకుని పోతురాజు వచ్చాడు. ఇంటి ముందే బానెట్ ఎత్తి అంతా వెతికాడు. మేడ మెట్ల మీద అత్తగారు, గుమ్మం చాటున కన్యాకుమారి, వీధిలో సగం బజారు. వాళ్లలో నూనె కొట్టు నారాయణమూర్తి కూడా ఉన్నాడు. గోవిందరావు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇదేటిది?" అన్నాడు పోతురాజు. ఊచ మీద నుంచి చిన్న దారం ముక్క గోటితో గీకి పైకెత్తాడు. ముడి ఇంకా ఉంది. మూడు ముళ్లు. "దీనికి దారం ఎవులు కట్టేరు? నేను కట్టలేదు. ఈ ఊచకి ఏటీ కట్టకూడదు బాబూ. ఇది తిరిగే ఊచ. దీనికేదైనా కట్టేరంటే మనిషిని సంపడానికి కట్టినట్టే."

లక్ష్మీనరసమ్మ మెట్టు దిగింది. ఆమె చూపు నెమ్మదిగా తిరిగి స్తంభం దగ్గర ఆగింది. నారాయణమూర్తి పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. గోవిందరావు నోరు తెరిచాడు. చెప్పడానికి ఉన్నది నిజమే, కానీ ఆ నిజాన్ని ఎవరు చెప్పినా నమ్ముతారేమో గాని అతను చెబితే నమ్మరు.

"నేనే కట్టేను," అన్నాడు నగరేశ్వరరావు.

అందరూ వాడి వైపు తిరిగారు.

"అమ్మ కట్టిన దండ పీకి పారేశాను కదా. తరవాత బెంగెట్టుకోని నేనే గుళ్లో దారం తెచ్చి కట్టేను. నాకేటి తెల్సు అది తిరిగే ఊచని? నువ్వు సెప్పేవా?"

"నేనెందుకు సెప్తాను బాబూ, మీరు కడతారని నేను కలగన్నానా!" అని పోతురాజు నెత్తి కొట్టుకున్నాడు. వీధి మళ్లీ ఊపిరి తీసుకుంది. ఎవరో నవ్వారు. లక్ష్మీనరసమ్మ ఇంకాస్సేపు అల్లుడినే చూసి, తాళాలు సర్దుకుని లోపలికెళ్లింది.

జనం చెదిరాక నగరేశ్వరరావు నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటూ పిలిచాడు. గోవిందరావు వెళ్లి, చేద అందుకుని నీళ్లు తోడి పోశాడు.

"బావా, నువ్వు సంపుదామని కట్టేవో, బతికిద్దామని కట్టేవో నాకు తెలీదు," అన్నాడు వాడు, కాళ్ల వైపే చూస్తూ. "అడగను కూడాను. నువ్వు ఏటి సెప్పినా నాకు నమ్మాలనీ ఉంటాది, నమ్మకూడదనీ ఉంటాది. గాని ఆ తాళం తిప్పింది నువ్వే. నేను బిగుసుకుపోయేను. నా సేతులు కదల్లేదు."

గోవిందరావు చేద గట్టు మీద పెట్టాడు.

"పోతురాజుకి సెప్పేను. ముందు బ్రేకులూ టైర్లూ మార్చమన్నాను. అవి అవ్వగానే అనంతగిరి ఘాట్ రోడ్డు మీద తోలి సూడాల," అన్నాడు నగరేశ్వరరావు.

"ఘాట్ రోడ్డా! ఒరే నగరేసూ, నన్ను ఒగ్గీరా. నీకు దణ్ణం పెడతాను. కొత్త బ్రేకులున్నాయి కదా, ఇంక నేనెందుకు?"

వాడు తలెత్తి చూశాడు. నవ్వుతున్నాడు గాని కళ్లు నవ్వడం లేదు. ఆ కళ్లు అచ్చం లక్ష్మీనరసమ్మవి.

"అన్నిటికన్నా ముందు దానికి బిగించాల్సిన సామాను నువ్వే బావా. నువ్వు పక్కన లేకపోతే నేను స్టార్టే సెయ్యను. నువ్వు రానంటే, అమ్మకి ఆ దారం సంగతి ఇంకోలాగ సెప్తాను."

వాడు కాళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. నూతిలోకి చూస్తే గోవిందరావుకి తన మొహం కనిపించింది, నీళ్లు కదులుతున్నాయి కాబట్టి అదీ కుదురుగా లేదు.

కన్యాకుమారి వంటింట్లో పసుపు నూరి, వెన్న కలిపి, అతని వేళ్లకి రాసింది. మంటకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మంచి సోటే కట్టేరా?" అంది నెమ్మదిగా. తమ్ముడి మాట ఆమె నమ్మలేదు. ఆ దారం రంగు ఆమెకి తెలుసు. పోతురాజు మాటా నమ్మలేదు, అమ్మవారి దారం మనిషిని చంపదు. ఆ దారానికున్న కొమ్ము ఏం చేసిందో మాత్రం ఆమెకి తెలియదు.

"కట్టేను."

"అందుకే ఇద్దరూ తిరిగొచ్చేరు." కళ్లు తుడుచుకుని, గూట్లోంచి ఇంకో పసుపుకొమ్ము తీసింది. అప్పటికే దానికి కొత్త దారం కట్టి పెట్టుంది. "ఈసారి కూడా అక్కడే కట్టండి."

గోవిందరావు కాలిన చేత్తోనే అందుకున్నాడు. ఆమె అటు తిరిగేదాకా ఆగి, పంచె మడతలోంచి పాత కొమ్ము తీసి చూశాడు. మీట నొక్కుకున్న చోట లోతుగా గాటు పడి ఉంది. రెండు కొమ్ములనీ ఒకే దారానికి చేర్చాడు. అటూ ఇటూ చూసి, చొక్కా పైకెత్తి, మొలతాడుకి మూడు ముళ్లు వేసి కట్టుకున్నాడు.